నలభై జతల సుమాన్, ఒక చేపల పడవ

పోయినవి ముందు రాసేస్తాను. ఒక టైరు. ఒక స్టీలు డబ్బా మూత. డబ్బా మాత్రం భద్రంగా ఉంది. రెండు రోజుల జీతం. మా చెల్లెలు పెట్టిన ఉన్ని శాలువా, దాని మీద రొయ్యల ముద్ద కారింది, నాలుగు ఉతుకులకీ వాసన వదల్లేదు. ముప్ఫై నాలుగు జతల సుమాన్. పద్దెనిమిది మైళ్ళ మాటలు, అంటే నేనూ మెర్లీ ఒకే కారులో పక్కపక్కన కూర్చుని నోరు విప్పని దూరం. పెట్రోలు ఇందులో కలపలేదు. అది ఇద్దరం సగం సగం వేసుకున్నాం, దాన్ని పోవడం అనను.

మెర్లీ నాతో పని చేసే ఫిలిప్పీన్స్ ఆవిడ. ఇంగ్లండులో ‘హౌన్స్‌లో’ అనే ఊరి దగ్గర విమానాలకి భోజనం ట్రేలు సర్దే కిచెన్‌లో మా ఇద్దరిదీ ఒకే రోటా, ఒకే షిఫ్టులు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. వాళ్ళ భాషలో అక్కని ‘ఆతె’ అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులో. ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను.

నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. లెక్క మాత్రం కోనసీమలో మా నాన్న కొబ్బరికాయల రాశుల దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఎంతమందికి ఎంత అన్నం, ఎన్ని ట్రేలు అంటే కాగితం అక్కర్లేకుండా చెప్పగలను. ఈ ప్రయాణానికి ముందు ఆ సంగతి కాస్త గర్వంగానే చెప్పుకునేదాన్ని.

హౌన్స్‌లో: ఆకు కొనుక్కోవడం

మెర్లీ తమ్ముడు డోడోంగ్ స్కాట్లాండులో చేపల పడవ మీద పని చేస్తాడు. తిండీ పడకా పడవలోనే. ఒడ్డుకొచ్చినా హార్బర్ దాటి దూరం వెళ్ళడానికి లేదు, అతని వీసా అలాంటిది. అక్కా తమ్ముడూ కళ్ళారా చూసుకుని ఏడేళ్ళయింది. మధ్యలో వాళ్ళమ్మ పోయింది, అప్పుడతను సముద్రం మీద ఉన్నాడు. ఈసారి పడవ ఆదివారం పీటర్‌హెడ్ అనే ఊళ్ళో చేపలు దించి, మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ వెళ్ళిపోతుందని ఫోన్ చేశాడు. ఏం తేనురా అని అక్క అడిగితే ఒక్కటే అడిగాడు. అమ్మ చేసే సుమాన్.

మెర్లీకి డ్రైవింగ్ రాదు. నాకు స్కాట్లాండు చూడాలని ఉంది. అలా ఇరుక్కున్నాను.

సుమాన్ అంటే జిగురు బియ్యాన్ని నానబెట్టి, కొబ్బరిపాలల్లో ఉప్పేసి సగం ఉడికించి, అరిటాకులో చదునుగా పొట్లం కట్టి, మళ్ళీ గంటన్నర ఉడకబెట్టే తీపి వంట. తీపి పైన అద్దుకునే పంచదారలో ఉంటుంది. మా వైపు పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి పొట్టెక్కలు ఉడికిస్తాం కాబట్టి ఆకులో ఉడకడం నాకు వింత కాదు. వింతల్లా బియ్యమే. మనింట్లో అన్నం ముద్దయితే వండినవాళ్ళ పేరు పోతుంది. అక్కడ గింజ గింజ విడిపోతే పేరు పోతుందట. ఆ బియ్యం కిలో మూడు పౌండ్లు. గడ్డకట్టిన అరిటాకుల ప్యాకెట్టు రెండు పౌండ్ల నలభై. మా పెరట్లో గాలికి చిరిగిపోయే ఆకుని డబ్బులిచ్చి కొని, వేడినీళ్ళలో కరగబెట్టి, గుడ్డతో తుడుస్తుంటే నాకు చిరాకు మొదలైంది. శుక్రవారం సాయంత్రం అది. అప్పటికి ప్రయాణమే మొదలవలేదు.

పొట్లాలు రెండేసి ఎదురెదురుగా పెట్టి దారంతో కట్టమంది.

“విడివిడిగా కడితే లెక్క సులువు కదా ఆతె,” అన్నాను.

“ఒక్కటే ఎవరికిస్తావు? పిసినారి అనుకుంటారు.”

“జత విప్పి ఇద్దరికి ఇవ్వొచ్చు.”

“విప్పిన సుమాన్ ఇస్తే ఎంగిలి ఇచ్చావనుకుంటారు. వరా, నువ్వు కట్టు.”

కట్టాను. ఎనభై పొట్లాలు, నలభై జతలు. పడవలో మనుషులు ఆరుగురు. మనిషికి నాలుగు జతల చొప్పున ఇరవై నాలుగు. దారిలో ఇద్దరు ముగ్గురు బంధువులున్నారని ఆవిడ ముందే చెప్పింది, వాళ్ళకి పదహారు. ఎక్కడా మిగలదు, ఎక్కడా తగ్గదు. స్టీలు డబ్బాలో వరసగా పేర్చి మూత పెట్టాను. ఫ్రిజ్‌లో పెడితే రాయైపోతుందంది కాబట్టి కారు వెనక సీటు మీదే పెట్టాం, బెల్టు వేసి.

లెస్టర్: పన్నెండు

శనివారం తెల్లవారి బయల్దేరాం. లెస్టర్‌లో కోరా అనే నర్సు ఇంట్లో టీ తాగి కదలాలని ఒప్పందం. కోరా మెర్లీ మేనకోడలికి జ్ఞానమాత, అంటే చర్చిలో బాప్తిస్మమప్పుడు తల్లిలా పక్కన నిలబడినావిడ. కోరాకి నేను కేటాయించింది మూడు జతలు.

ఆ ఇంట్లో కోరా ఒక్కతే ఉండదు. ఆరుగురు నర్సులు అద్దెకుంటారు, ఆ రోజు ఆరుగురూ ఇంట్లోనే ఉన్నారు. మెర్లీ డబ్బా మూత తీసి, పెళ్ళిలో తాంబూలాలు పంచినట్టు మనిషికి రెండు జతలు చేతిలో పెడుతూ పోయింది. నేను తలుపు దగ్గర నిలబడి లెక్క పెడుతున్నాను. పన్నెండు.

కారెక్కాక అడిగాను. “ఆతె, వాళ్ళలో నీకు తెలిసినవాళ్ళెంతమంది?”

“కోరా.”

“మిగతా ఐదుగురు?”

“ఇప్పుడు తెలిశారు.”

వాళ్ళు ఊరికే తీసుకున్నారా అంటే అదీ కాదు. ఇంత లావు కట్ట ఎండుచేపలు మా ఒళ్ళో పెట్టారు. వద్దనడానికి నేను నోరు తెరిచేలోపు మెర్లీ డిక్కీ తెరిచింది. గోదావరి వైపు పుట్టినదాన్ని, ఎండుచేప నాకు పరాయిది కాదు. కానీ అద్దాలు మూసిన కారులో, హీటరు వేసుకుని, రెండు రోజుల పాటు దాంతో కలిసి ప్రయాణం చేయడం వేరే విషయం.

మోటర్‌వే పక్కన: ఒకటి, తర్వాత రెండు

షెఫీల్డు దాటే ముందు టీ కోసం ఆగాం. కప్పు మూడు పౌండ్ల అరవై. ఆ డబ్బుకి హౌన్స్‌లోలో టీపొడి డబ్బా వస్తుంది. కౌంటరులో ఉన్న అమ్మాయి నా చీర వంక చూసి, “ఆంటీ, తెలుగేనా?” అంది. నిజామాబాద్ అట. మాస్టర్స్ చదువుతూ శని ఆదివారాలు ఇక్కడ చేస్తోంది.

“ఎక్కడికి పోతున్నరాంటీ?”

“స్కాట్లాండు. చేపల పడవకి స్వీటు ఇవ్వడానికి.”

“గింత దూరమా? పోస్టుల పంపిస్తే కాదా?”

నేను వారం ముందే ఇదే అడిగానని ఆ పిల్లకి ఎలా చెప్పను? ఈలోగా మెర్లీ కారుకి వెళ్ళి ఒక జత తెచ్చి కౌంటరు మీద పెట్టేసింది. అమ్మాయి ఆకు కొసన విప్పి కొరికి, “మస్తుంది ఆంటీ, కొంచెం చక్కెర పడితే,” అంది. తెలుగుపిల్ల కాబట్టి అప్పుడు నాకు కోపం రాలేదు. టీ డబ్బులు మాత్రం తీసుకుంది.

అక్కణ్ణుంచి ఇరవై మైళ్ళు కూడా పోలేదు, వెనక ఎడమ టైరు పేలింది. పంచరు కాదు, చీలిపోయింది. గట్టు మీద నిలబడి గంటంబావు చూశాక రికవరీ బండి వచ్చింది. అతను చేతికి దొరికినదాన్ని అందుకుని నట్లు అందులో వేశాడు. అది మెర్లీ తీసి పక్కన పెట్టిన మా డబ్బా మూత. స్టెప్నీ బిగించి, సంతకం పెట్టించుకుని, సామానంతా ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నా మూతతో సహా. మెర్లీ అప్పటికే అతని చేతిలో రెండు జతలు పెట్టింది.

“అతనికి మనం సంవత్సరం మొత్తానికి ముందే డబ్బు కట్టాం ఆతె.”

“డబ్బు కంపెనీకి కట్టాం. అతనికి ఏమిచ్చాం?”

మూతలేని డబ్బా మీద ప్లాస్టిక్ సంచీ కప్పి దారంతో కట్టాను. ఇరవై ఐదు. పడవకి కావలసినవి ఇరవై నాలుగు. ఇంకా రెండు మజిలీలున్నాయి.

డర్హం దగ్గర: పది

కొత్త టైరు వేయించేసరికి ఎనభై ఐదు పౌండ్లు, ఒక పూట పోయాయి. డర్హం దగ్గర ముసలివాళ్ళుండే కేర్ హోమ్‌లో మెర్లీ పినతల్లి కూతురు టెస్ పని చేస్తుంది. ఆగొద్దన్నాను. గేటు దగ్గర చెయ్యి ఊపి వెళ్దామంది. ఫిలిప్పీన్స్ మనుషులు గేటు దగ్గర చెయ్యి ఊపి వెళ్ళడం నేను ఇంతవరకూ చూడలేదు, ఆ రోజూ చూడలేదు.

లోపలికెళ్ళాం. షిఫ్టు మారే వేళ. వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ అందరూ అక్కడే. కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్ళలో ఒకావిడ, తొంభై దాటినావిడ, నాకూ కావాలని చెయ్యి చాపింది. టెస్ వచ్చేలోపే ఆకుతో సహా కొరికింది.

“ఆకు తినకూడదు డార్లింగ్,” అంది టెస్.

“ఇంతవరకూ బాగున్నది ఆకే,” అందావిడ.

నవ్వు ఆగలేదు నాకు. ఆ నవ్వుతోనే పది జతలు వెళ్ళాయి. పదిహేను మిగిలాయి. బదులుగా వాళ్ళిచ్చింది బిస్కెట్ల డబ్బా, ఎవరో అల్లిన ఉన్ని దుప్పటి.

మనం కూడా ఎవరింటికైనా వెళ్తే పళ్ళో స్వీటో పట్టుకెళ్తాం. కానీ ఎవరింటికి అన్నదానికి మనకొక గీత ఉంది. ఆ ఇంటికి వెళ్తున్నాం కాబట్టి ఆ ఇంటికి. వీళ్ళకి ఆ గీత లేదు. దారిలో ఎదురైన మనిషి ఎదురైనందుకే బాకీ. ఇలాంటి మనుషుల్తో ప్రయాణానికి ఎన్ని జతలు కట్టాలో ఏ లెక్కకీ తేలదు. ఎన్ని కట్టినా సరిగ్గా అన్నీ అయిపోతాయి.

సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. “ఎక్కడున్నారే?”

“ఇంకా ఇంగ్లండులోనే.”

“అదేంటి, పొద్దున్నేగా బయల్దేరారు.”

“పంచుతున్నాం,” అన్నాను.

డండీ: ఎనిమిది, రొయ్యల ముద్ద

డండీలో మా బస ‘నేనే’ అనే మెర్లీ బంధువు ఇంట్లో. పేరే అది, మన మాట కాదు, ముద్దుపేరట. భర్త ఆలన్ స్కాట్లాండు మనిషి, బస్సు డ్రైవరుగా చేసి మానేశాడు. మేం భోజనాల వేళ దాటాక చేరినా వేడివేడిగా అన్నం, పులుసులో ఉడికిన కోడి పెట్టారు. వెనిగరు వేసిన పులుసు. మన చింతపండు కాదుగానీ ఆకలికి తేడా తెలీలేదు.

ఆ ఇంటికి నాలుగే ఇవ్వాలని మెట్ల మీదే మెర్లీ చేత ఒట్టు వేయించుకున్నాను. నాలుగే ఇచ్చింది. పొద్దున్నే లేచి చూస్తే మరో నాలుగు లేవు. ఆలన్ తల్లిదండ్రులు పక్క వీధిలో ఉంటారు, చర్చికి వెళ్తూ పలకరించడానికి వచ్చారు.

“నువ్వు పడుకున్నావు,” అంది మెర్లీ, అది సంజాయిషీ అన్నట్టు.

ఆలన్ నన్ను జాలిగా చూశాడు. “ఇరవై ఆరేళ్ళ నుంచి చూస్తున్నాను,” అన్నాడు. “మా పెళ్ళి కేకు నేను తినలేదు.”

బయల్దేరేటప్పుడు ఆలన్ భార్య ఒక సీసా నిండా రొయ్యల ముద్ద ఇచ్చింది. ఉప్పులో ఊరబెట్టిన గులాబీరంగు ముద్ద. మూత గట్టిగానే ఉందంది. శాలువా సంగతి మొదట్లోనే రాశాను కదా.

ఏడు జతలు. డబ్బా నా ఒళ్ళో పెట్టుకుని డ్రైవ్ చేయడం కుదరదు కాబట్టి మెర్లీ కాళ్ళ దగ్గర పెట్టి, ఇంకెవరికైనా ఇస్తే నేను కారు వెనక్కి తిప్పేస్తానని చెప్పాను. ఆవిడ తలూపింది.

పీటర్‌హెడ్: ఒకటి

పన్నెండు కాకముందే చేరాం. గాలి కారు తలుపుని చేతిలోంచి లాక్కుంటోంది. హార్బర్ గేటు దగ్గర కాపలా మనిషి పడవ పేరు విని కంప్యూటరులో చూసి, అది పొద్దున్న ఇక్కడికి రాలేదు, ఫ్రేజర్‌బర్గ్‌లో దించుతోంది, అన్నాడు. మెర్లీ ఫోన్ చేస్తే డోడోంగ్ ఎత్తలేదు. ఆవిడ ముఖం మొదటిసారి పాలిపోయింది. ఏడేళ్ళు ఆగినావిడ, ఇంకో రెండు గంటల్లో పడవ వెళ్ళిపోతుంది.

“దారి ఎటు?” అన్నాను కాపలా మనిషితో. అతను చెయ్యి చాపి చూపించాడు. నేను ఇంజను స్టార్ట్ చేశాను. మెర్లీ కిందికి వంగింది, డబ్బా మీది సంచీ విప్పింది, దిగింది, అతనికి ఒక జత ఇచ్చి వచ్చి కూర్చుంది.

ఇక ఆగలేదు నేను. “అతను చెప్పింది ఒక్క ముక్క ఆతె. అటు అన్నాడు. అంతే.”

“ఆ ముక్క చెప్పకపోతే?”

“నీ తమ్ముడికి ఏం మిగిలిందో తెలుసా? మనిషికి నాలుగు జతలు అనుకుని కట్టాం.”

“ఎన్నున్నాయి?”

“ఆరు.”

“పడవలో ఎంతమంది?”

“ఆరుగురు.”

“మరి సరిపోయాయి కదా,” అంది మెర్లీ.

ఆ తర్వాత పద్దెనిమిది మైళ్ళు ఎవరమూ మాట్లాడలేదు. ఎడమ పక్కన పొలాలు, కుడి పక్కన అప్పుడప్పుడూ సముద్రం. స్కాట్లాండు అందంగా ఉంటుందని అందరూ అంటారు. ఉండే ఉంటుంది.

ఫ్రేజర్‌బర్గ్: ఇరవై నిమిషాలు

నీలం పడవ. దాని పక్కన చేపల పెట్టెల్లో ఐసు వేస్తున్న మనుషులు. పసుపు రబ్బరు ప్యాంటు వేసుకున్న ఒకతను మమ్మల్ని చూసి పార వదిలేశాడు. పరిగెత్తలేదు, వేగంగా నడిచొచ్చాడు. అక్క చేతిని తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. మనం పాదాలకి వంగినట్టు. మెర్లీ అతని చెవులు పట్టుకుని చూసింది, గడ్డం పట్టుకుని చూసింది, సన్నబడ్డావంది కాబోలు, అతను పొట్ట మీద కొట్టి చూపించాడు. వాళ్ళ భాష నాకు రాకపోయినా అదంతా అర్థమైంది.

పడవ నడిపే స్కిప్పర్ పైనుంచి ఇరవై నిమిషాలన్నట్టు రెండు చేతులూ రెండుసార్లు చూపించాడు. గాలి ముదరకముందే వెళ్ళిపోవాలట.

డోడోంగ్ డబ్బా అందుకున్నాడు. సంచీ తీసి, ముఖం లోపలికి వంచి, కాసేపలాగే ఉండిపోయాడు. ఉడికిన అరిటాకు వాసన ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. మెర్లీ అటు తిరిగి సముద్రం చూసింది.

తిను, నా ఎదురుగా ఒకటి తిను, అని ఆవిడ అతనితో అంటుంటే పంచదార పొట్లం నేనే విప్పి పట్టుకున్నాను. అతను ఒక్క నిమిషం అని సైగ చేసి పడవ వైపు వెళ్ళాడు. ఇద్దరు ఘానా వాళ్ళు, ఇద్దరు ఫిలిప్పీన్స్ వాళ్ళు, స్కిప్పర్. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో జత. ఫిలిప్పీన్స్ కుర్రాడొకడు అక్కడే ఆకు విప్పి పెట్టె మీద కూర్చుని, కళ్ళు మూసుకుని నమిలాడు. స్కిప్పర్ గ్లౌజు తీసి తిని, మెర్లీ వైపు బొటనవేలెత్తాడు. నేను మనసులో లెక్క పెడుతూనే ఉన్నాను. ఐదు వెళ్ళాయి. ఒకటి ఉంది. అది అతనిది. నలభైలో ఒకటి, పోనీ అనుకున్నాను.

డోడోంగ్ ఆ జత రెండు చేతుల్లో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

“ఆతె వరా, దారిలో తినండి,” అన్నాడు ఇంగ్లీషులో.

“అది నీది.”

“మీరు ఇంత దూరం నడుపుకుంటూ వచ్చారు.”

“మా ఇంట్లో బోలెడున్నాయి,” అని అబద్ధమాడాను. “నువ్వు తినాలనే తెచ్చాం. నాకు వద్దు బాబూ, నిజంగా వద్దు.”

అతని చేతులు చాపినట్టే ఉన్నాయి గానీ, ముఖంలో ఏదో వాడిపోయింది. అతనికి అక్కడ ఇల్లు లేదు, కుర్చీ లేదు, మాకో కప్పు టీ ఇవ్వడానికి పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళే వీల్లేదు. ఆ రేవులో తనది అని ఇవ్వడానికి ఉన్నది ఆ జతే. మెర్లీ నా బూటు మీద గట్టిగా తొక్కింది.

తీసుకున్నాను.

స్కిప్పర్ పిలిచాడు. తాళ్ళు విప్పారు. అక్క తమ్ముడి జేబులో ఏదో కుక్కింది, తమ్ముడు తీసి మళ్ళీ అక్క జేబులో కుక్కాడు. పడవ రేవు గోడ దాటేదాకా అతను వెనకవైపే నిలబడి ఉన్నాడు.

కారులో కూర్చోగానే ఆ జత మెర్లీ ఒళ్ళో పెట్టాను. “నువ్వైనా తిను.”

“అది నీకిచ్చాడు. ఇంకొకరికి ఎలా ఇస్తావు?”

రెండు రోజులుగా మోటర్‌వే పొడుగునా కనబడ్డ ప్రతి మనిషికీ పంచుకుంటూ వచ్చినావిడ ఆ మాటంది. నాకు అరవాలనిపించింది. “ఆతె, అతను ఒక్కటి కూడా తినలేదు. అడిగిందే అతను.”

“చూశాను.”

“మరి నీకు బాధ లేదా?”

మెర్లీ సీటుబెల్టు పెట్టుకుంది. “వాడు ఖాళీ చేతుల్తో నిన్ను పంపించి ఉంటే బాధపడేదాన్ని,” అంది. “అమ్మ పెంచినట్టే ఉన్నాడు.” తర్వాత ముక్కు చీదుకుని, ఎండుచేపల వాసన వస్తోంది కాస్త కిటికీ దించమంది.

ఊరు దాటాక ఒక పక్కన ఆపి ఆకు విప్పాను. చల్లారి కాస్త బిగుసుకుంది. కొబ్బరి, ఉప్పు, ఆకు. రెండూ తిన్నాను. బాగున్నాయని రాయడానికి నాకు మనసొప్పడం లేదు గానీ, బాగున్నాయి.

ఆ పడవ తర్వాత ఎన్నో రేవులకి వెళ్ళింది. మాకు సెలవు దొరికినప్పుడు అది ఒడ్డున లేదు, అది ఒడ్డున ఉన్నప్పుడు మా రోటా కుదరలేదు. ఈ మాటెత్తితే మెర్లీ నవ్వుతుంది. ఇచ్చినది ఇచ్చినట్టే, ఎవరికీ ఏమీ బాకీ లేదంటుంది. ఆవిడ లెక్క ఆవిడది. నా లెక్కలో డోడోంగ్‌కి నేను ఇవ్వవలసింది, నేటికీ, ఒక జత.